ఇనెగోల్ నుంచి వచ్చిన కుర్చీ

ఇనెగోల్,
టర్కీ.
ఆదివారం మధ్యాహ్నం.

నాన్నకి,

మీ రావియా సలాములతో రాసుకుంటున్నది. దేవుడి దయవల్ల ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. మీరూ అమ్మా కులాసాగా ఉన్నారనీ, తమ్ముడు తౌఫీక్ అల్లరి తగ్గలేదనీ, కార్ఖానాలో బయూమీ బాబాయ్ ఇంకా తన టీ తానే పెట్టుకుంటున్నాడనీ మీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. మనసు కుదుటపడింది.

ఈ కాలంలో ఉత్తరాలేమిటని ఐగుల్ నన్ను చూసి నవ్వుతుంది. ఐగుల్ అంటే నా గదిలో ఉండే కిర్గిజ్ అమ్మాయి, కుట్టుపని నేర్చుకుంటోంది. మా నాన్న జీవితమంతా రంపం పక్కన నిలబడ్డాడు, ఇప్పుడు చెవి దగ్గర డప్పు కొట్టినా వినబడదు అని చెప్పాను. ఫోను చేస్తే మీరు "ఆ, ఆ, బాగున్నాం" అని అమ్మ చేతికి ఇచ్చేస్తారు. అమ్మ ఏడుస్తుంది. ఆవిడ ఏడిస్తే నేనూ మొదలుపెడతాను. ఇక మాటలేం సాగుతాయి? మీతో నిదానంగా మాట్లాడాలంటే కాగితమే దారి.

ముందు అమ్మ అడిగినవాటికి చెబుతాను, చదివి వినిపించండి. చలికి ఉన్ని బనీను లోపల వేసుకుంటున్నాను. కొండ మీద మంచు పడింది, ఊళ్ళో మాత్రం బురదే. పార్సిల్‌లో పంపిన ఎండు ములూఖియా ఆకు వండాను. వెల్లుల్లి తాలింపు వాసనకి హాస్టల్లో ఆడపిల్లలంతా తలుపులు తీసుకుని బయటికొచ్చారు. తినమంటే మాత్రం ఒక్కతీ ముట్టలేదు. "జిగటగా ఉందే" అన్నారు. గిన్నెడూ నేనే తిన్నాను. మన ఉప్పు జున్ను అయిపోయింది. ఇక్కడి జున్నులో ఉప్పు ఉంది గాని మన ఊరి ఉప్పు కాదు.

హాస్టల్లో వంట చేసే హాజర్ పిన్ని మంచి మనిషి. ఒకరోజు రాత్రి భోజనం వద్దన్నానని కోప్పడింది. నవ్విద్దామని ఈజిప్టంతా చెప్పుకునే మన దుమ్యాత్ పిసినారుల జోకు చెప్పాను. ఇంటికొచ్చిన చుట్టాన్ని మనవాళ్ళు "భోంచేస్తావా, లేక తేలిగ్గా పడుకుంటావా?" అని అడుగుతారని. ఆవిడ నవ్వలేదు. నా టర్కీ భాష సరిగ్గా లేదేమోనని విడమర్చి మళ్ళీ చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "పాపం, మీ ఊళ్ళో అంత కరువా తల్లీ?" అంది. ఆ రోజు ఆవిడ పెట్టిందంతా తినాల్సి వచ్చింది. మన జోకుకి మనలా నవ్వే మనిషి పక్కన లేకపోవడం ఎంత లోటో ఇక్కడికొచ్చేదాకా నాకు తెలియదు నాన్నా.

ఆదివారాలు మరీ కష్టం. శుక్రవారం నమాజు వేళకి కాసేపు ఆగినా, కుర్చీలూ మంచాలూ చేసే ఈ ఊళ్ళో రంపాలు మళ్ళీ మొదలవుతాయి. ఆదివారం మాత్రం ఊరంతా చప్పుడు మానేస్తుంది. కార్ఖానా నెత్తిన పుట్టి పెరిగినదాన్ని కదా, నిద్రలో కూడా కింద రంపం పాడుతూ ఉండాలి నాకు. ఐగుల్ ఆదివారాలు ఒక దర్జీ కొట్లో పనికి పోతుంది. నేను కిటికీ దగ్గర కూర్చుని ఎదురింటివాళ్ళు తివాచీ దులుపుతుంటే ఆ చప్పుడు వింటూ ఉంటాను. ఇప్పుడూ అలాగే కూర్చుని రాస్తున్నాను.

ఇక మీ ప్రశ్న. మీ మాటలే మళ్ళీ రాస్తున్నాను: "ఇక్కడ లేనిది అక్కడ ఏముంది తల్లీ? మన వీధిలో పిల్లలకి ఊహ తెలియకముందే ఉలి చేతికొస్తుంది. పై ఊళ్ళవాళ్ళు మన దగ్గరికి వచ్చి నేర్చుకుపోతారు. నువ్వు వెళ్ళి వెళ్ళి, తన సామాను మన బజారులో దింపి మన కడుపు కొట్టేవాడి ఇంట్లో చేరావు. నలుగురూ అడుగుతున్నారు. నేనేం చెప్పను?"

ఈ ప్రశ్న మీరు నేను బయల్దేరిన రోజే అడుగుతారనుకున్నాను. విమానాశ్రయంలో నా పెట్టె తాళం లాగి చూసి, "గట్టిగానే ఉంది" అని మాత్రం అన్నారు.

ఇక్కడ చేతిపని నేర్చుకోవడానికి దేశం దాటి వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. మొన్న కాలేజీ క్యాంటీన్లో టీ తాగుతుంటే ఇదే మాట వచ్చింది. అబ్షిర్ అని సోమాలియా కుర్రాడు, కరెంటు పని నేర్చుకుంటున్నాడు. వాడన్నాడు, "మా ఊళ్ళో ఈ పని నేర్చుకుంటే చదువు అబ్బలేదు పాపం అంటారు. అదే పని విమానమెక్కి నేర్చుకొస్తే ఇంజనీరుగారూ రండి రండి అంటారు. తీగలు అవే. షాకు కూడా అదే కొడుతుంది."

ఐగుల్ అంది, "మా ఊళ్ళో నాకు కుట్టు వస్తే పెళ్ళికూతురికి ఇంకో మంచి గుణం ఉన్నట్టు. ఇక్కడ వస్తే అది నా పని."

నా వంతు వచ్చింది. "ఇక్కడ మంచి యంత్రాలున్నాయి" అన్నాను.

అబ్షిర్ నన్ను ఎగాదిగా చూశాడు. "యంత్రాల కోసమేనా ఆదివారాలు ఏడ్చుకుంటూ ఇక్కడ పడి ఉంటున్నావు?" అన్నాడు.

అసలు సంగతి వాడికంటే ముందు మీకు చెప్పాలి.

మామూలు హైస్కూలుకి సరిపడా మార్కులు వచ్చినా నేను పారిశ్రామిక బడిలో చేరతానన్నప్పుడు అత్త నెత్తీ నోరూ బాదుకుంది గుర్తుందా? "చదువు అబ్బని డిప్లొమా పిల్లవని ముద్రేసుకుంటావుటే?" అంది. మీరు ఒక్కరే "దాని ఇష్టం" అన్నారు. ఆ మాటకి నేను ఎంత పొంగిపోయానో. తీరా చేరాక తెలిసింది, ఆడపిల్లలకి ఇచ్చేది అలంకారం విభాగమని. మేం కాగితం మీద పువ్వులు గీయాలి, మగపిల్లలు చెక్కలో కోయాలి. డిప్లొమా చేతికొచ్చాక ఇంట్లోనూ అదే ఏర్పాటు. నేను మేడ మీద గీసేదాన్ని. గీసింది బుట్టలో పెట్టి తాడుతో కిందికి దింపేదాన్ని. సాయంత్రానికి బుట్ట పైకొచ్చేది, కాగితం మీద మీ లావు పెన్సిలు దిద్దుళ్ళతో. ఇక్కడ వంపు తగ్గించు, ఇక్కడ ఆకు పలచబడింది, విరుగుతుంది. ఒక్క మాట కూడా ఉండేది కాదు, గీతలే. ఆ గీతలు చదువుకుంటూ నేను నేర్చుకున్నాను. మీ పనివాళ్ళు ఇంటికి వెళ్ళిపోయాకే నేను కిందికి దిగేదాన్ని. అప్పటికి చెక్కలు చల్లబడి ఉండేవి.

దానికీ నేను బాధపడలేదు. అదే లోకమనుకున్నాను. ఆ తర్వాత మన్సూరా నుంచి ఆ వర్తకుడు వచ్చాడు.

మీకు ఆయన జ్ఞాపకం ఉంటాడు, పెద్ద పడగ్గది సెట్టు చేయించుకున్నాయన. మంచం తలవైపు చెక్కిన నెమలి ఈకలు చూసి పడిపోయాడు. అమ్మ టీ పంపింది. నేను పళ్ళెం పట్టుకుని మెట్ల తలుపు వెనక నిలబడ్డాను, ఎవరైనా వచ్చి అందుకుంటారని.

ఆయన అడిగాడు, "ఈ నమూనా ఎవరు గీశారు ఉస్తా?"

మీరు అన్నారు, "మావాడు. తౌఫీక్."

"బాబుకి దేవుడు చెయ్యిచ్చాడు. దిష్టి తీయించండి."

"అంతా ఆయన దయ" అన్నారు మీరు.

అప్పుడు తౌఫీక్ మేడ మీద ఫుట్‌బాల్ చూస్తున్నాడు. వాడికి చెక్క పొట్టు పడదు, తుమ్ములొస్తాయి. వాడు జీవితంలో నెమలిని గీయలేదు. బయూమీ బాబాయ్ వచ్చి, "ఇటివ్వమ్మా, టీ చల్లారిపోతోంది" అని పళ్ళెం అందుకున్నాడు. నా ముఖం వంక చూడలేదు. ఆయనకి తెలుసు.

మీరెందుకు అలా అన్నారో నాకు అర్థం కాకపోలేదు. మా అమ్మాయి గీసింది అంటే రేపు బజారులో నా పేరు మగవాళ్ళ నోళ్ళలో నలుగుతుంది. మీరు నన్ను దాచుకున్నారు. అది ప్రేమేనని నాకు తెలుసు. కాని నాన్నా, ఆ ప్రేమలో నాకు ఊపిరాడలేదు. ఆ వారమే ఈ కాలేజీకి దరఖాస్తు పెట్టాను. యంత్రాల కోసం కాదు, సర్టిఫికెట్ కోసం కాదు. పని జరుగుతున్నప్పుడు, మనుషులు చూస్తుండగా, నేను పని బల్ల దగ్గర నిలబడాలి. అందుకు మన వీధిలో చోటు లేదు. వేరే ఊరు వెళ్ళినా, అక్కడా ఎవరో ఒకరు "ఉస్తా షెహాతా కూతురు కదూ" అని వెనక్కి పంపేస్తారు. నేనెవరి కూతుర్నో తెలియని చోటు కావాల్సి వచ్చింది.

ఇక్కడ కూడా మేస్త్రీని ఉస్తా అనే అంటారు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు వెనక్కి తిరిగి చూశాను, మీరు వచ్చారేమోనని. మాకు నేర్పేది నూరెత్తిన్ ఉస్తా. ముసలాయన, నోటి దురుసు. మొదటి రోజే నా చేతిలో చిత్రిక పెట్టి, "పట్టు" అన్నాడు. అంతే. ఆడపిల్లవనీ అనలేదు, పరాయిదానివనీ అనలేదు. నేను బిగించిన మొదటి అతుకు అందరి ముందూ పైకెత్తి చూపించి, "ఇది అతుకా, ఎలక కొరికిందా? ఈజిప్టు ఎలకలు ఇక్కడిదాకా వచ్చాయా?" అన్నాడు. కుర్రాళ్ళందరూ నవ్వారు. నేను తల వంచుకుని మళ్ళీ మొదలుపెట్టాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవమానంతో కాదు. పక్కనున్న కుర్రాణ్ణి తిట్టినట్టే నన్నూ తిట్టాడు. పనివాణ్ణి తిట్టినట్టు.

ఇప్పటిదాకా రాసింది సులువు. దీని తర్వాతది రాయాలా వద్దా అని వారమంతా తేల్చుకోలేకపోయాను.

మీ ఉత్తరం చివర ఇలా రాశారు: "నది ఒడ్డున కార్నీషు రోడ్డు మీద టర్కీవాళ్ళ షోరూములో దెఫ్నె అని పేరు రాసి కొత్త కుర్చీ ఒకటి పెట్టారు. నేను లోపలికి పోలేదు, పోను కూడా. అద్దంలోంచి చూశాను. దాని వీపు వంపు చూసి అక్కడే నిలబడిపోయాను. బయూమీ చెయ్యి పట్టి లాగేదాకా కదల్లేదు. శత్రువు పనైనా సరే, ఉన్నమాట చెప్పాలి. గీసినవాడెవడోగాని వాడి మాట కొయ్య వింటుంది."

నాన్నా, ఆ కుర్చీ నేను గీశాను.

ఇది మీకు దాచాను. మొదటి ఏడాది చివర మా అందరిచేతా ఒక్కో కుర్చీ చేయించారు. నేను ఎన్ని గీసినా నచ్చలేదు. ఆఖరికి ఏమీ ఆలోచించకుండా చేతికొచ్చినట్టు గీశాను. పూర్తయ్యాక చూస్తే అది మీ వీపు. మీరు చిత్రిక పట్టడానికి వంగినప్పుడు మేడ మీంచి నాకు కనబడే వీపు. నా చిన్నప్పట్నుంచీ కార్ఖానాలో నాకు కనిపించింది అదొక్కటే కదా. ఊళ్ళో ఒక ఫ్యాక్టరీ యజమాని, ఇర్ఫాన్ బే అంటారు, కాలేజీకి వచ్చి చూసి దాన్ని ఎంచుకున్నాడు. నేను సంబరపడి ఒప్పుకున్నాను. అది ఏ దేశానికి పోతుందో నేను అడగలేదు. అడగాల్సింది. ఓడ మన రేవుకే పోయిందని మీ ఉత్తరం చూసేదాకా తెలియదు. మన వీధిలో కార్ఖానాలు ఒక్కొక్కటే మూతపడుతున్న ఈ రోజుల్లో, మీకు పోటీగా నిలబడ్డ కుర్చీ మీ ఇంటి పిల్లది. కోపం వస్తే రానివ్వండి. రావాల్సిందే.

కాని ఆ కోపం మీకు వచ్చేలోపు ఇంకో సంగతి చెప్పనివ్వండి. మీ నోటి వెంట నా పని గురించి మంచిమాట నేను వినడం ఇదే మొదటిసారి. ఉత్తరం పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరిగాను. ఎవరితోనైనా చెప్పాలి. ఐగుల్ లేదు. వంటింట్లోకి వెళితే హాజర్ పిన్ని చిక్కుడు గింజలు ఏరుతోంది.

"మా నాన్న నా కుర్చీ బాగుందన్నాడు పిన్నీ" అన్నాను.

"అనడా మరి? కన్నతండ్రి. వంకర స్టూలు చేసినా బాగుందనే అంటాడు."

"నాదని తెలీకుండా అన్నాడు."

ఆవిడ చేతులు ఆగాయి. "అట్లాగా" అంది. గింజల పళ్ళెం నా వైపు జరిపి, "అయితే అదే అసలు మెప్పు. కూర్చో, ఈ గింజలు ఏరు. లేకపోతే ఈ పూటంతా ఏడుస్తావు" అంది.

ఏరాను. కాని ఆ మాట మన భాషలో ఎవరైనా అంటే వినాలనిపించింది. ఎవరంటారు? గదికి వచ్చి, తలుపు వేసుకుని, మీ ఉత్తరంలో ఆ ముక్క పైకి చదువుకున్నాను, మీ గొంతు తెచ్చుకుని. ఆ ఒక్క వాక్యమే మళ్ళీ మళ్ళీ చదివాను. పక్కగదివాళ్ళు గోడ మీద తట్టారు.

ఇర్ఫాన్ బే ఆ కుర్చీకి తన మనవరాలి పేరు పెట్టాడు. దెఫ్నె. నా పేరు ఎక్కడైనా ఒక మూల వేయించండి అని అడిగాను. నవ్వి, "అమ్మాయ్, కూర్చునేవాడికి గీసినవాళ్ళ పేరెందుకు? మెత్తగా ఉందా లేదా అంతేగా" అన్నాడు. అంటే ఇంత దూరం వచ్చినా నా పేరు తలుపు వెనకే ఉంది. ఆ రోజు రోడ్డు మీద నడుస్తూ నవ్వుకున్నాను. తౌఫీక్ పేరైతే కనీసం మనింటి పేరు.

కాబట్టి మీ ప్రశ్నకి నా జవాబు మారిపోయింది. పని బల్లతో పాటు పేరూ దొరుకుతుందని వచ్చాను, పేరు ఇక్కడా దొరకలేదు. దొరికింది పని బల్ల. పొద్దున వెళ్ళి అక్కడ నిలబడితే, సాయంత్రం దాకా నేను ఒంటరినన్న సంగతి గుర్తురాదు. ఎవరైనా అడిగితే ఇదే చెప్పండి. లేదా యంత్రాల కోసం వెళ్ళిందని చెప్పండి. అదీ అబద్ధం కాదు.

ఇప్పుడు అమ్మకి మీరు నెమ్మదిగా చెప్పాల్సిన మాట. ఈ వేసవికి నేను రావడం లేదు. కాలేజీ అయిపోగానే తన ఫ్యాక్టరీలో నమూనాలు గీసే గదిలో ఉద్యోగం ఇస్తానన్నాడు ఇర్ఫాన్ బే. నేను గీసేవి దుమ్యాత్‌కి పంపకండి అన్నాను. "చెక్కకి పాస్‌పోర్టు ఉంటుందా తల్లీ?" అన్నాడు. అయితే గీయను, కింద పని బల్ల దగ్గర కూలిగా పెట్టుకోండి అన్నాను. "మతి పోయిందా? పైన ఫ్యాను కింద కూర్చోమంటే కింద పొట్టులో నిలబడతానంటావేం?" అన్నాడు. నూరెత్తిన్ ఉస్తా పక్కనే ఉన్నాడు. "నిలబడనీ. దానికి ఇంకా చేతకాదు, నేర్చుకోవాలి" అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకోవడం అలా ఉంటుంది. రెండేళ్ళకి సంతకం పెట్టాను.

మిమ్మల్ని అడగకుండా పెట్టాను. అడిగితే మీరు వచ్చేయమంటారేమోనని భయం. వచ్చేస్తే, నా మీద జాలితో పగలు కిందికి రానిస్తారు, మీ వెనక మీ పనివాళ్ళు మొహాలు చూసుకుంటారు, మీరు తల దించుకోవాల్సి వస్తుంది. జాలితో ఇచ్చిన చోటు నాకు వద్దు. మేస్త్రీ కావాలనుకుని పిలిచే చెయ్యి నాకు వచ్చేదాకా ఇక్కడే ఉంటాను. దానికి రెండేళ్ళు చాలతాయో లేదో తెలియదు. ఆదివారాలు ఇలాగే గడుస్తాయి. అలవాటు పడతానని అబద్ధం రాయను.

చివరగా ఒకటి. ఆ కుర్చీ గురించి మెచ్చుకున్నాక మీరు కింద చిన్న అక్షరాలతో ఇంకో మాట రాశారు: "చేతుల దగ్గర అతుకు మాత్రం మన సముద్రపు గాలికి రెండు వానాకాలాలు ఆగదు. ఊగుతుంది." నేను వెళ్ళి ఫ్యాక్టరీలో మిగిలిన కుర్చీ పట్టి చూశాను. మీరన్నది నిజం. ఇప్పుడే సన్నగా కదులుతోంది. జిగురు ఎక్కువ పెట్టాం, అంతకంటే మాకెవరికీ తోచలేదు.

మీరైతే ఆ అతుకు ఎలా బిగిస్తారు? బొమ్మ గీసి, పక్కన మాటలతో కూడా రాసి పంపండి. కొలతలు నేను తీసుకుంటాను. ఇది కూతురు అడుగుతున్నట్టు అనుకోకండి. కొత్తగా పనిలో చేరిన మనిషి మేస్త్రీని అడుగుతున్నట్టు అనుకోండి. తిట్టాలనిపిస్తే ముందు తిట్టి, తర్వాత చెప్పండి.

ఇట్లు,
మీ జవాబు కోసం పని ఆపి ఎదురుచూసే
మీ కూతురు
రావియా